‘ఎస్సై గారు కొట్టారు’ అంటే ఎంతమంది కొట్టినట్టు? ఆశ్రయం ఇంటర్వ్యూలో మాటను తూచే తీరు

కులాంతర పెళ్ళి చేసుకుని, అమ్మాయి తరఫు వాళ్ళ బెదిరింపులకు ఊరొదిలి, చివరికి పరాయి దేశంలో ఆశ్రయం కోరిన ఒక తెలుగు యువకుణ్ణి ఊహించుకుందాం. చిన్న గది. ఎదురుగా అధికారి, పక్కన దుబాసీ. ఏం జరిగిందో చెప్పమన్నారు.

“ఎస్సై గారు వచ్చారు. స్టేషన్‌కి తీసుకెళ్ళారు. బాగా కొట్టారు.”

దుబాసీ దాన్ని ఇంగ్లిష్‌లో ఇలా అప్పజెప్పింది: పోలీసులు వచ్చారు, వాళ్ళు నన్ను తీసుకెళ్ళారు, వాళ్ళు కొట్టారు. గంట తర్వాత అధికారి తిరిగి అక్కడికే వచ్చారు. కొట్టింది ఎవరెవరు?

“ఎస్సై గారేనండి. ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు.”

అధికారి ఏదో టైప్ చేసుకున్నారు. ఇందాక చాలామంది కొట్టారన్నాడు, ఇప్పుడు ఒక్కడే అంటున్నాడు.

మనకైతే ఇందులో తేడా ఏమీ కనిపించదు. మర్యాద కోసం ఒక్క మనిషిని బహువచనంలో అనడం మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. తనను చితకబాదిన మనిషికి కూడా ‘గారు’ తగిలించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. కానీ అక్కడి ఫైల్లో అది ‘పొంతన లేని వాంగ్మూలం’ అయి కూర్చుంటుంది.

సన్నివేశం కల్పితమే కానీ అందులోని చిక్కు కల్పితం కాదు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయుల్ని అమృత్‌సర్‌లో దించింది. వాళ్ళలో ఎక్కువమంది పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్ళు. ఆ రోజుల్లో ‘అసైలం’ అనే మాట మన టీవీ చర్చల్లో కూడా బాగా నలిగింది. ఆశ్రయం అడిగేవాళ్ళంతా కథలల్లేవాళ్ళేనని ఒక వర్గం, అధికారులంతా రాతిగుండెలని ఇంకో వర్గం వాదించుకున్నాయి. అసలు ఆ గదిలో ఒక మనిషి మాటను ఎలా తూకం వేస్తారో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు.

కాందిశీకుడు, శరణార్థి, ఆశ్రయార్థి: ముందు మాటలు తేల్చుకుందాం

పాత తెలుగు పత్రికల్లో ‘కాందిశీకులు’ అని రాసేవారు. ‘ఏ దిక్కుకు పోను’ అనే సంస్కృత మాటల నుంచి పుట్టిన పదం అది. దిక్కు తోచక పరుగెత్తేవాడని అర్థం. ఇప్పుడు శరణార్థి అంటున్నాం.

చట్టం భాషలో శరణార్థి ఎవరో 1951 నాటి ఐక్యరాజ్య సమితి శరణార్థుల ఒడంబడిక నిర్వచించింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందినవారు కావడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల సొంత దేశంలో పీడనకు గురవుతామని సహేతుకమైన భయం ఉండి, దేశం బయట ఉన్నవాళ్ళు శరణార్థులు. ఐరోపాలోని యుద్ధ బాధితుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిర్వచనాన్ని 1967 ప్రోటోకాల్ ప్రపంచమంతటికీ విస్తరించింది. పేదరికం ఈ ఐదింటిలో లేదు. కరవూ లేదు, ఉద్యోగం లేకపోవడమూ లేదు.

‘నేను శరణార్థిని’ అని దరఖాస్తు పెట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాడు ఆశ్రయార్థి. అతను శరణార్థి అవునో కాదో ఇంకా తేలలేదు. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్ళు 12.32 కోట్ల మందని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ లెక్క. అందులో ఆశ్రయం తీర్పు కోసం చూస్తున్నవాళ్ళు దాదాపు 84 లక్షల మంది.

ఇక ‘విశ్వసనీయత’. ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడి లెక్క కాదు. అతను చెప్పిన ముఖ్యమైన సంగతుల్ని నిజమని ఒప్పుకుని ముందుకు వెళ్ళవచ్చా లేదా అన్నదే ప్రశ్న. ఈ రెండూ కలిసిపోయిన చోటే సగం గొడవలు మొదలవుతాయని నా అభిప్రాయం.

అడగాల్సింది రేపటి గురించి, అడిగేది నిన్నటి గురించి

దొంగతనం కేసులో కోర్టు తేల్చాల్సింది జరిగిపోయిన పని గురించి. ఆశ్రయం కేసులో తేల్చాల్సింది ఇంకా జరగని దాని గురించి. ఈ మనిషిని వెనక్కి పంపితే ఏమవుతుంది? దానికి సాక్ష్యం ఎక్కడా ఉండదు కాబట్టి అధికారి నిన్నటి గురించి అడుగుతారు. నిన్న నిన్నేం చేశారో చెప్పు, రేపు ఏం చేస్తారో నేను అంచనా వేస్తాను అన్నట్టు.

ఆ అంచనాకు ఎంత రుజువు కావాలన్నది దేశానికో రకం. అమెరికా సుప్రీంకోర్టు 1987లో కార్డోజా ఫొన్సేకా కేసులో, పీడన జరిగే అవకాశం పది శాతమే ఉన్నా భయం సహేతుకమే కావచ్చని చెప్పింది. పదిమందిలో ఒకరు చచ్చే దారిలో ఎవరూ కావాలని నడవరు కదా అన్న లోకజ్ఞానమే దాని వెనక ఉన్నది.

బ్రిటన్‌లో 2022 దాకా గతానికీ భవిష్యత్తుకూ ఒకే తేలికైన కొలత వాడేవారు. ఆ ఏడాది వచ్చిన జాతీయత, సరిహద్దుల చట్టం దాన్ని రెండు ముక్కలు చేసింది. మీరు చెప్పుకుంటున్న మతమో, రాజకీయ అభిప్రాయమో నిజంగా మీదేనా, మీకు నిజంగా భయముందా అన్నవి ‘అబద్ధం కంటే నిజం కావడానికే ఎక్కువ అవకాశం’ అన్న మెట్టు ఎక్కాలి. వెనక్కి వెళ్తే ప్రమాదం ఉందా అన్నదానికి మాత్రం పాత తేలికైన కొలతే. మొదటి మెట్టు దగ్గర జారిపోతే రెండోదాకా పోనే పోరు. ఈ మార్పుతో మోసాలు తగ్గుతాయని సమర్థించినవాళ్ళు అన్నారు. కాగితం ముక్క లేకుండా పారిపోయి వచ్చినవాడి మీదే ఈ భారమంతా పడుతుందని విమర్శకులు అన్నారు.

ఆ గదిలో ఏం జరుగుతుంది

ఎదురెదురుగా కూర్చుని వినడం ఎందుకు, కాగితాలు చూసి తేల్చేయొచ్చుగా? కెనడా 1985 దాకా చాలా కేసుల్లో అలాగే చేసేది. ఆ పద్ధతిని సవాలు చేసినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్ళిన సిక్కులే. 1985 ఏప్రిల్ 4న సింగ్ కేసులో కెనడా సుప్రీంకోర్టు, మనిషి మాట నమ్మాలా వద్దా అన్నదే తేలాల్సి ఉంటే అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినాల్సిందేనని తీర్పిచ్చింది. ఏప్రిల్ 4ను అక్కడ ఇప్పటికీ శరణార్థుల హక్కుల దినంగా జరుపుకుంటారు.

మంచి ఇంటర్వ్యూ సాగే తీరు ఇంచుమించు అంతటా ఒకటే. ముందు అడ్డు తగలకుండా మొత్తం చెప్పనిస్తారు. తర్వాత విడమర్చమంటారు. గదికి కిటికీ ఉందా? అక్కడ ఇంకెవరున్నారు? తిండి ఎవరు పెట్టారు? చివరగా, ఎక్కడైనా పొంతన కుదరకపోతే ఆ సంగతి ముఖం మీదే చెప్పి సంజాయిషీ అడగాలి. ఐరోపా యూనియన్ నిబంధనల్లో ఇది అధికారి దయాదాక్షిణ్యం మీద వదిలేసిన విషయం కాదు, తప్పనిసరి. మన యువకుడి కేసులో అధికారి “ఇందాక ‘వాళ్ళు’ అన్నారు, ఇప్పుడు ఒక్కరే అంటున్నారు, ఏది నిజం?” అని ఒక్క ముక్క అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

నిజాలు వెలికితీసే పని ఇద్దరిదీ అని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 1979లో వేసిన చేతిపుస్తకం చెబుతుంది. చెప్పుకోవాల్సింది దరఖాస్తుదారు. ఆ దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకుని రావాల్సింది అధికారి. తన శాయశక్తులా చెప్పుకున్నాక కూడా రుజువు చేయలేని సంగతులు కొన్ని మిగిలితే, మొత్తం మీద మాట నమ్మేలా ఉన్నప్పుడు సందేహ లాభం దరఖాస్తుదారుకే ఇవ్వాలని కూడా అందులో ఉంది.

మాటను తూచే కొలతలు

అధికారి చూసేవి ప్రధానంగా నాలుగు. ఫారంలో రాసినదీ, ఇప్పుడు చెప్పినదీ కలుస్తున్నాయా? ఆ దేశం గురించి బయట తెలిసిన సమాచారంతో సరిపోతున్నాయా? అనుభవించినవాడికే తెలిసే వివరాలు ఉన్నాయా? అసలు ఇలా జరగడం సాధ్యమేనా?

చాలాచోట్ల ఐదోది కూడా చేరుతుంది, మనిషి వాలకం. కళ్ళలోకి చూసి మాట్లాడాడా, తడబడ్డాడా, ఏడవాల్సిన చోట ఏడ్చాడా? అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టం వాలకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని రాసిపెట్టింది. దీనికున్న బలం ఎంతో చూడండి. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడో లేదో చూసి చెప్పడంలో మనుషులు ఎంత గట్టివాళ్ళని వందలాది ప్రయోగాల ఫలితాల్ని కలిపి 2006లో లెక్క తీశారు. సగటున 54 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేస్తేనే 50 వస్తుంది.

పైగా పెద్దవాళ్ళ ముందు తలొంచుకుని మాట్లాడటమే మర్యాద అని నేర్పి పెంచాక, ఆ తలొంచుకోవడమే ‘ఏదో దాస్తున్నాడు’ అని ఫైల్లోకి ఎక్కితే ఆ పిల్లాడేం చేస్తాడు?

ఒకే మనిషి రెండుసార్లు చెబితే రెండు రకాలుగా ఎందుకు వస్తుంది

పొంతన అన్నిటికంటే గట్టి కొలతలా కనిపిస్తుంది. నిజమైతే ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెబుతాడు కదా అనుకుంటాం. దీన్ని పరీక్షించిన ఒక చిన్న అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కొసోవో, బోస్నియాల నుంచి వచ్చి బ్రిటన్‌లో అప్పటికే ఉండటానికి అనుమతి దొరికిన 39 మందిని, ఎడం ఇచ్చి రెండుసార్లు ఒకే సంఘటన గురించి అడిగారు. వాళ్ళకు అబద్ధమాడాల్సిన అవసరమే లేదు. అయినా రెండు కథనాల మధ్య తేడాలు వచ్చాయి. అసలు విషయంలో కంటే అంచుల్లోని వివరాల్లో, అంటే రోజు, రంగు, వరస లాంటి వాటిలో ఎక్కువ వచ్చాయి. మానసిక గాయం లోతుగా ఉన్నవాళ్ళలో, రెండు ఇంటర్వ్యూల మధ్య ఎడం పెరిగేకొద్దీ తేడాలు ఇంకా పెరిగాయి.

ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగేది సరిగ్గా ఆ అంచుల గురించే. ఏ తారీఖు? ఎన్ని గంటలకు? ఎన్నోసారి?

తారీఖు దగ్గరే కాసేపు ఆగుదాం. మన ఇళ్ళలో ఒక తరం వెనక్కి వెళ్తే పుట్టినరోజులు ‘దివిసీమ ఉప్పెన వచ్చిన యేడు’, ‘సంక్రాంతి పోయిన మూడో వారం’ అనే చెబుతారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేస్తే అదే ఆధార్ దాకా వచ్చింది. ఆఫ్ఘన్ల చిక్కు ఇంకాస్త లెక్కలతో కూడినది. వాళ్ళ సౌర పంచాంగం మార్చి 20, 21 తేదీల దగ్గర మొదలవుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగానికి 621 కలిపితే మన సంవత్సరం వస్తుంది. “1399లో మా అన్నని పట్టుకెళ్ళారు” అన్నాడనుకోండి. దుబాసీ 621 కలిపి 2020 అన్నాడు. కానీ జరిగింది హూత్ నెలలో, అంటే ఆ ఏడాది ఆఖరి నెలలో. మన లెక్కలో అది 2021 ఫిబ్రవరి, మార్చి. ఫారంలో 2021 అనే ఉంది. సంవత్సరం తేడా వచ్చేసింది. ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు, కూడిక ఒకటి తప్పింది.

తెలుగు ఇంగ్లిష్‌లోకి దిగేటప్పుడు జారిపోయేవి

‘అన్న’ అన్నాం కాబట్టి అక్కడే ఇంకో గొయ్యి ఉంది. పెదనాన్న కొడుకు మనకు అన్న, పిన్ని కొడుకు తమ్ముడు. “నీకు అన్నదమ్ములు ఎంతమంది” అని ఫారం అడిగితే సొంతవాళ్ళు లేరు కాబట్టి సున్నా అని రాశాడు. ఇంటర్వ్యూలో “మా అన్న ఇంట్లో దాక్కున్నాను” అన్నాడు. ఇంగ్లిష్‌లో అది ‘నా సోదరుడి ఇల్లు’ అయింది. లేని సోదరుడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు?

ఇలాంటివి తవ్వేకొద్దీ ఉన్నాయి. ‘చెయ్యి విరిగింది’ అంటే మనకు భుజం నుంచి వేళ్ళ దాకా ఎక్కడైనా కావచ్చు. ఇంగ్లిష్‌లో అరచేతికో మాట, మిగతా చేతికో మాట. ఎక్స్‌రే మోచేతి కింద ఎముక అంటుంటే వాంగ్మూలంలో అరచెయ్యి అని ఉంటుంది. ‘మొన్న’ అంటే రెండు రోజుల కిందటా, రెండు నెలల కిందటా? ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. “మమ్మల్ని తరిమారు” అంటే వినేవాడు ఆ గుంపులో లేడని మన వ్యాకరణమే చెబుతుంది. ఇంగ్లిష్ ఆ తేడా మింగేస్తుంది.

దుబాసీలంతా చేతకానివాళ్ళని అనడం లేదు. వాళ్ళు చేసేది మోయలేని పని. అమెరికాలో అసైలం అధికారి దగ్గర జరిగే ఇంటర్వ్యూకి దుబాసీని మామూలుగా దరఖాస్తుదారే వెంటబెట్టుకెళ్ళాలి. డబ్బుంటే అనుభవమున్న మనిషి దొరుకుతాడు. లేనివాడు తెలిసినవాళ్ళనో, గుడి దగ్గర పరిచయమైనవాళ్ళనో బతిమాలుకుంటాడు. అప్పుడు ఇంకో టెన్షన్. సొంత ఊరి మనిషి ముందు తనపై జరిగిన అత్యాచారం గురించి ఏ ఆడమనిషి నోరు విప్పుతుంది? మొదటి ఇంటర్వ్యూలో దాచి రెండోదాంట్లో చెబితే ‘కథకు తర్వాత అతికించింది’ అన్న అనుమానం తయారుగా ఉంటుంది.

‘అలా ఎవరైనా చేస్తారా?’ అన్న ప్రశ్న

ప్రాణభయం ఉన్నవాడు పెళ్ళికని ఊరికి తిరిగి వెళ్తాడా? వెతుకుతున్న పోలీసులు విమానాశ్రయంలో ఎలా వదిలేశారు? ఈ ప్రశ్నలు సబబైనవే. కానీ వీటికి జవాబు అధికారి పెరిగిన ఊరి లోకజ్ఞానంలో దొరకదు. పాస్‌పోర్ట్ డెస్క్ దగ్గర చెయ్యి తడిపితే పని అయ్యే దేశాలు ఉన్నాయని మనకు ఒకరు చెప్పాలా? బ్రిటన్ అప్పీల్ కోర్టు 2006లో హెచ్‌కే కేసులో ఈ సంగతే ఒప్పుకుంది. ‘ఇది జరిగే పని కాదు’ అన్న అంచనా స్వదేశీ కేసుల్లో పనికొస్తుందేమో కానీ, ఆచారాలూ పరిస్థితులూ వేరైన దేశాల నుంచి వచ్చినవాళ్ళ విషయంలో ప్రమాదకరం కావచ్చని హెచ్చరించింది.

ఈ దారి ఎంత దూరం పోయిందో చెప్పడానికి హంగరీ కేసు ఒకటి చాలు. తాను స్వలింగ సంపర్కుణ్ణని, నైజీరియాకు పంపితే ప్రమాదమని ఒకతను 2015లో ఆశ్రయం కోరాడు. చెప్పినదాంట్లో మౌలికమైన వైరుధ్యాలేమీ లేవని అధికారులే అన్నారు. అయినా మనస్తత్వ పరీక్షలు పెట్టించారు. సిరా మరకలు చూసి ఏం కనిపిస్తోందో చెప్పాలి. వానలో నిలబడ్డ మనిషి బొమ్మ గీయాలి. వాటితో అతని మాట నిర్ధారణ కాలేదని దరఖాస్తు తోసిపుచ్చారు. 2018 జనవరి 25న ఐరోపా యూనియన్ న్యాయస్థానం, ఎవరి లైంగికతనైనా తేల్చడానికి ఇలాంటి పరీక్షలు పెట్టకూడదని తీర్పిచ్చింది. అంతకుముందు 2014లోనే అదే కోర్టు, పడకగది వివరాలు అడగకూడదని, రుజువుగా వీడియోలు ఒప్పుకోకూడదని, మొదట్లో చెప్పలేదన్న ఒక్క కారణంతో అబద్ధమనకూడదని గీతలు గీసింది.

వీపు మీద మచ్చలూ మాట్లాడతాయి, విన్నవాడిని బట్టి

శ్రీలంక తమిళుడు ఒకతను 2011లో బ్రిటన్ చేరి ఆశ్రయం కోరాడు. కోర్టు కాగితాల్లో అతని పేరు కేవీ, అంతే. కాల్చిన లోహపు కడ్డీతో చిత్రహింస పెట్టారన్నాడు. వీపు మీద, చేతి మీద కాలిన మచ్చలున్నాయి. మచ్చలు నిజమే, కాల్చడం వల్లే పడ్డాయన్నదీ నిజమే. అక్కడి నుంచే చిక్కు. వీపు మీది మచ్చలకూ చేతి మీది వాటికీ పోలిక లేదు. స్పృహ తప్పి కదలకుండా పడి ఉన్నప్పుడు వీపు కాల్చి ఉంటే అలా వస్తాయని, అతను చెప్పినదానికి అది సరిపోతుందని వైద్యుడన్నాడు. ఆశ్రయం అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ మాత్రం అవే మచ్చల్ని చూసి, ఆశ్రయం కోసం మత్తులో ఉండి కావాలనే ఇంకొకరి చేత పెట్టించుకుని ఉండొచ్చంది.

చిత్రహింసల గుర్తుల్ని వైద్యులు నమోదు చేయడానికి ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. ‘సరిపోలడం లేదు’ నుంచి ‘ఇంకో కారణం ఉండే వీల్లేదు’ దాకా అందులో ఐదు మెట్లు. గాయం ఎలా పడిందన్నదే కాదు, అతను చెప్పిన పరిస్థితుల్లో పడిందా అన్నదానిపైనా వైద్యుడు అభిప్రాయం చెప్పవచ్చా అన్నది బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019 మార్చి 6న కోర్టు చెప్పవచ్చంది. ఆశ్రయార్థులు అలా కావాలని కాల్పించుకున్న దాఖలాలు దాదాపు లేవని గుర్తుచేసి, కేసును మళ్ళీ మొదటి నుంచి వినమని పంపింది. ఆ మనిషి దేశంలో అడుగుపెట్టి అప్పటికి ఎనిమిదేళ్ళు.

అధికారి కుర్చీలో కూర్చుని చూస్తే

ఇంతదాకా చదివితే తప్పంతా అటువైపేనన్నట్టు ఉంటుంది. కాదు. కల్పిత కథల వ్యాపారం నిజంగానే ఉంది. 2012 డిసెంబర్‌లో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 26 మందిపై కేసులు పెట్టారు. వాళ్ళలో ఆరుగురు లాయర్లు. చైనా నుంచి వచ్చినవాళ్ళకు వందల కొద్దీ పీడన కథలు రాసిపెట్టి, ఇంటర్వ్యూకి బట్టీ పట్టించారన్నది ఆరోపణ. ఒకే వరసలో, ఒకే మాటలతో పదో కథ విన్న అధికారికి పదకొండోది నిజమైనా చెవికెక్కదు. రోజూ హింస గురించే వినేవాళ్ళకు మనసు మొద్దుబారడం కూడా ఉంటుంది. బట్టీ పట్టించిన కథకు ఇంకో నష్టం ఉంది. నిజంగా దెబ్బలు తిన్నవాడు కూడా ఏజెంటు మాట విని తన సొంత కథ బదులు ‘గెలిచే కథ’ చెప్పి మునిగిపోతాడు.

మన పిల్లల చెవిన కూడా ఈ సలహా పడుతోంది కాబట్టి చెప్పాలి. వీసా స్టేటస్ పోయింది, ‘అసైలం వేసేయ్, చూసుకుందాం’ అనేవాళ్ళు ఉంటారు. అమెరికా చట్టంలో, తెలిసి తెలిసి కల్పించిన దరఖాస్తు అని తేలితే ఆ మనిషికి ఇమిగ్రేషన్ ప్రయోజనాల తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. పెళ్ళి ద్వారానో, ఉద్యోగం ద్వారానో తర్వాత రాబోయేవి కూడా అందులో పోతాయి.

అయితే న్యాయం చేసే కుర్చీలోనూ మనుషులే. అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుల తీర్పుల్ని పోల్చి 2007లో వెలువడిన పరిశీలనలో, మయామీలో కొలంబియా దేశస్థులకు ఒక జడ్జి దగ్గర ఆశ్రయం దొరికే అవకాశం 5 శాతం, అదే భవనంలో ఇంకో జడ్జి దగ్గర 88 శాతం అని తేలింది.

ఒక అబద్ధం దొరికితే అంతా అబద్ధమేనా

ఇక్కడ దేశాలు నిజంగానే వేర్వేరు దారుల్లో ఉన్నాయి. అమెరికా రియల్ ఐడీ చట్టం ప్రకారం, దొరికిన తేడా కేసు మూలానికి సంబంధించింది కాకపోయినా దాన్ని పట్టుకుని నమ్మలేమనవచ్చు. అబద్ధం అబద్ధమే, ప్రమాణం చేసి చెప్పాక చిన్నదేమిటి పెద్దదేమిటి అన్నది ఆ వైపు వాదన. కెనడాలో మాల్డొనాడో తీర్పు నుంచి, అనుమానించడానికి కారణం కనిపించేదాకా ప్రమాణపూర్వకంగా చెప్పింది నిజమనే అనుకుని మొదలుపెడతారు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2010లో ఒక సోమాలియా కేసులో మధ్యేమార్గం చెప్పింది. అబద్ధానికి ఎంత బరువు ఇవ్వాలన్నది కేసును బట్టి ఉంటుంది.

ఉదాహరణకు ఒకడు ఏజెంటుకు భయపడి, వచ్చిన దారి గురించి అబద్ధం చెప్పాడు. కానీ అతను ప్రభుత్వ వ్యతిరేక పత్రికలో పనిచేశాడని, అలాంటివాళ్ళని అక్కడ జైల్లో వేస్తున్నారని వేరే ఆధారాలున్నాయి. దారి గురించి అబద్ధమాడిన నోటిని చూసి జైలు అధికారి వదిలేస్తాడా? వదలడు. రేపటి ప్రమాదం అతని నిజాయితీ మీద ఆధారపడి లేదు. నాకు బ్రిటన్ దారే సబబనిపిస్తుంది, కాకపోతే దానికి టైమూ ఓపికా కావాలి. లక్షల ఫైళ్ళున్న చోట ఆ రెండే కరవు.

నమ్మినా కాదనవచ్చు

మన యువకుడి దగ్గరికి మళ్ళీ వద్దాం. ‘గారు’ సంగతి తేలిపోయింది, అతను చెప్పినదంతా నిజమని ఒప్పుకున్నారు అనుకుందాం. అయినా కేసు ఓడిపోవచ్చు. భారతీయుల కేసుల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న వేరే ఉంది. నీ మామగారి చెయ్యి నీ జిల్లాలో సాగుతుంది సరే, పుణెలోనో గువాహటిలోనో సాగుతుందా? సొంత దేశంలోనే క్షేమంగా, సబబుగా బతకగల చోటు ఉంటే పరాయి దేశం ఆశ్రయం ఇవ్వక్కర్లేదు. పీడించేది ప్రభుత్వం కానప్పుడు ‘మీ ప్రభుత్వం నిన్ను కాపాడలేదా?’ అని కూడా అడుగుతారు. పొలం తగాదా అయితే ఆ ఐదు కారణాల్లో ఎక్కడ ఇముడుతుందో చూపించాలి. ఓడిపోయి వచ్చినవాడు “నన్ను నమ్మలేదు” అంటాడు. తీర్పు తెరిచి చూస్తే కొన్నిసార్లు నమ్మే ఉంటారు.

బాలాపూర్‌లో ఉన్నవాళ్ళు

ఇదంతా ఎక్కడో జరిగే వ్యవహారం కాదు. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లిం కుటుంబాలున్నాయి. 1951 ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టంలోనూ శరణార్థికి నిర్వచనం లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను కేంద్ర ప్రభుత్వమే చూసుకుంటుంది. మయన్మార్, ఆఫ్ఘనిస్తాన్ లాంటి దేశాల వాళ్ళను ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇంటర్వ్యూ చేసి, నమ్మితే కార్డు ఇస్తుంది. ఆ కార్డును గుర్తించే చట్టం ఇక్కడ లేదు. జమ్మూలో పట్టుకున్న రోహింగ్యాలను పంపకుండా ఆపాలన్న కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, నిర్దేశించిన ప్రక్రియ పాటించకుండా మాత్రం పంపకూడదని చెప్పి ఊరుకుంది.

రోహింగ్యాల ఇంటర్వ్యూలో మొదట తేలాల్సింది వాళ్ళు నిజంగా మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి వచ్చారా అన్నది. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం వాళ్ళను పౌరులుగా లెక్కించలేదు కాబట్టి చూపించడానికి కాగితాలు చాలామంది దగ్గర ఉండవు. అందుకని ఊరి గురించి అడుగుతారు. అక్కడ చాలా ఊళ్ళకు రెండు పేర్లు. 2017 ఆగస్టు 30న సైన్యం ఊచకోత కోసిన ఊరిని రోహింగ్యాలు తులాతులి అంటారు. మయన్మార్ రికార్డుల్లో అది మిన్‌జీ. ఆ ఊరి మనిషి అధికారి ముందు కూర్చుని “మాది తులాతులి” అన్నాడనుకోండి, సర్కారు పటంలో వెతికితే అలాంటి ఊరు కనపడదు. అక్కడితో ‘ఊరి పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు’ అని రాసుకోవచ్చు. లేదంటే, మీ ఊరు ఎలా ఉంటుందో చెప్పు అని అడగవచ్చు. అడిగితే చెబుతాడు. మూడు వైపులా ఏరు. సైనికులు వచ్చినప్పుడు ఎటు పోవాలో తెలియక అందరూ ఒడ్డు మీదికే పరుగెత్తారని.